ఒరెగాన్‌లో ఓడాక మన ఒహాయో స్టేట్ బకైస్ సీజన్ అయిపోయిందా? స్కోరు కాదు, ఎడమ టాకిల్ చూడండి

మీరు అడిగింది ఇదీ: "ఒహాయో స్టేట్‌లో ఎమ్మెస్ రెండో ఏడాది. అమెరికన్ ఫుట్‌బాల్ చూడటం పోయినేడే మొదలుపెట్టాను. ఒరెగాన్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడాం. ల్యాబ్‌లో అందరూ సీజన్ పోయింది, కోచ్ డేని తీసేయాలి అంటున్నారు. నిజంగా అయిపోయినట్టేనా? మిగతా సగంలో ఏం చూడాలి?"

ముందు సూటిగా చెప్తాను. సీజన్ ఎక్కడికీ పోలేదు. ఇవాళ 2024 అక్టోబర్ 20, ఆదివారం. ఆరు ఆడి ఐదు గెలిచాం, ఈ వారం మనకి ఆట లేదు, ఇవాళ వచ్చిన అసోసియేటెడ్ ప్రెస్ ర్యాంకుల్లో నాలుగో స్థానంలో ఉన్నాం. అయితే దిగులు పడాల్సిన సంగతి ఒకటి ఉంది. మీ ల్యాబ్‌లో వాళ్లు మాట్లాడుకుంటున్నది మాత్రం అది కాదు.

నేను కొలంబస్‌కి వచ్చింది 2002 ఫాల్‌లో, మీలాగే ఎమ్మెస్‌కి. ఆ ఏడాది మన జట్టు 14 ఆడి 14 గెలిచింది. 2003 జనవరి 3న మయామీని రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 31–24తో ఓడించి జాతీయ చాంపియన్ అయింది. మొదటి ఏడాదే అలాంటిది చూసినవాడిని ఈ ఆట ఇక వదలదు. అప్పటి నుంచి ప్రతి శనివారం చూస్తున్నాను, ఆదివారం పొద్దున మళ్లీ పెట్టుకుని చూస్తున్నాను. రెండోసారి చూసేటప్పుడు బంతిని చూడను, ముందు వరసలో ఒకరినొకరు నెట్టుకునే లైన్‌నే చూస్తాను. మీకు చెప్పబోయేదంతా ఆ రెండోసారి చూడటంలో తెలిసిందే.

ఒరెగాన్ ఆట రోజు దసరా. కొలంబస్ పక్కన డబ్లిన్‌లో ఒక ఫ్రెండ్ వాళ్లింట్లో కలిశాం. పొద్దున పావెల్ గుడికి వెళ్లొచ్చి, రాత్రి ఏడున్నరకి టీవీ ముందు కూర్చున్నాం. చివరి అరనిమిషం మీకూ గుర్తుండే ఉంటుంది. 32–31తో వెనకబడి ఉన్నాం, బంతి ఒరెగాన్ 28 యార్డుల గీత దగ్గర ఉంది. అక్కడి నుంచే మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ కొట్టొచ్చు. అప్పుడు జెరెమయా స్మిత్ డిఫెండర్‌ని తోశాడని పెనాల్టీ వేశారు, 15 యార్డులు వెనక్కి, 43కి వచ్చేశాం. పది సెకన్లు మిగిలాయి. ఒరెగాన్ పదకొండు మందికి బదులు పన్నెండు మందిని దించింది. పాస్ పడలేదు, నాలుగు సెకన్లు ఆవిరయ్యాయి. మనకి దక్కింది ఐదు యార్డులు. ఆరు సెకన్లున్నప్పుడు మన క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసేవాడు) విల్ హవర్డ్ పరిగెత్తి, ఆగి జారేసరికి గడియారం సున్నా చూపించింది. ఆ ఇంట్లో పిల్లలు ఇంకా ఒక్క సెకను ఉందని అరుస్తున్నారు. లేదు.

ఆ పన్నెండో ఆటగాడి గురించి వారమంతా గొడవ జరిగింది. కావాలనే చేశామన్నట్టుగా ఒరెగాన్ కోచ్ డాన్ లానింగ్ సోమవారం మాట్లాడాడు కూడా. బుధవారానికల్లా కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ రూల్స్ కమిటీ ఆ కంత పూడ్చేసింది. ఇకమీదట ఆఖరి రెండు నిమిషాల్లో అలా చేస్తే, నష్టపోయిన జట్టు అడిగితే గడియారాన్ని వెనక్కి తిప్పుతారు. మంచిదే. కానీ మన కోపం అంతా అక్కడే ఖర్చుపెట్టుకుంటే అసలు దెబ్బ కనిపించదు.

అసలు దెబ్బ ఆ చివరి నిమిషం కన్నా చాలా ముందే తగిలింది. మన ఎడమ టాకిల్ జాష్ సిమన్స్ మోకాలు పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆ ఇంట్లో అప్పుడు సగం మంది వంటింట్లో ఉన్నారు, ఎవరూ పట్టించుకోలేదు. రిప్లేలో కాలు చూడగానే నా కడుపులో తిప్పింది. అతనికి ఈ సీజన్ ఇక లేదని ఈ వారం కోచ్ డే చెప్పేశాడు. ఒక్క పాయింటుతో పోయిన ఆట మళ్లీ డిసెంబర్‌లో దొరుకుతుందేమో కానీ, సిమన్స్ దొరకడు.

ఎడమ టాకిల్‌కి ఇంత కథ ఎందుకంటే, హవర్డ్ కుడిచేతి వాటం. పాస్ వేయడానికి వెనక్కి వచ్చి నిలబడితే అతని ముఖం కుడివైపు తిరిగి ఉంటుంది, ఎడమవైపు నుంచి వచ్చేవాడు కనిపించడు. ఆ వైపు కాపలా ఉండేవాడే ఎడమ టాకిల్. సిమన్స్ ఆడేటప్పుడు అతని పాదాలు చూశారా? బంతి కదలగానే ఎడమకాలు వెనక్కి ఒక జారు, కుడికాలు దాని వెంటే. నడుము కిందకి, వీపు నిటారుగా, చేతులు ఎదుటివాడు తాకేదాకా దగ్గరే. తొందరపడడు, ముందుకి వంగడు. మూడు వందల పౌండ్ల మనిషి, నీళ్ల మీద నడిచినంత తేలిగ్గా వెనక్కి వెళ్తాడు. అతను అలా పని చేసుకుపోతుంటే మనకి అక్కడ ఒక మనిషి ఉన్నాడన్న సంగతే తెలియదు. టాకిల్ బాగా ఆడుతున్నాడనడానికి గుర్తు అదే.

అతని స్థానంలో వచ్చిన జెన్ మిచల్స్‌కీ ఆ రాత్రి నిలబడ్డాడు, కాదనను. కానీ అప్పటికప్పుడు వచ్చి, సాయం తీసుకుంటూ నిలబడటం ఒకటి. ఎదుటి జట్టు వారమంతా నీ ఆట టేపులు చూసి, నీ మీదకే తన బెస్ట్ రషర్‌ని (క్వార్టర్‌బ్యాక్ మీదకి దూసుకొచ్చేవాణ్ణి) పంపితే నిలబడటం మరొకటి. నా లెక్కలో కోచ్‌లకి రెండు దారులున్నాయి. ఒకటి, మిచల్స్‌కీనే ఉంచి, లైన్ చివర నిలబడే టైట్ ఎండ్‌నో, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌నో అతనికి తోడు పెట్టడం. అలా చేస్తే పాస్ అందుకోవడానికి వెళ్లాల్సినవాడు ఒకడు తగ్గుతాడు. రెండోది, టాకిల్ పక్కనే ఉండే ఎడమ గార్డ్ డానవాన్ జాక్సన్‌ని ఒక అడుగు బయటికి జరిపి టాకిల్ చేయడం. సీజన్ మొదట్లో జాక్సన్ దెబ్బతో బయట ఉన్నప్పుడు గార్డ్‌గా ఆడిన కార్సన్ హింజ్‌మన్ ఉన్నాడు కదా, ఆ ఖాళీలోకి అతను వస్తాడు. నాకు రెండోదే నచ్చుతుంది. లైన్‌లో మిగిలినవాళ్లలో మంచివాణ్ణి కష్టమైన చోట పెట్టాలి. గార్డ్‌కి పక్కన ఇద్దరి సాయం ఉంటుంది, టాకిల్ ఒంటరివాడు. సీజన్ మధ్యలో ఇద్దరి చోటు మార్చడం ప్రమాదమే, నాకూ తెలుసు. ఆట లేని ఈ బై వీక్ ఉన్నది అందుకే.

ఇక డిఫెన్స్. ఆ రాత్రి ఒరెగాన్ క్వార్టర్‌బ్యాక్ డిలన్ గేబ్రియల్‌ని మనం ఒక్కసారి కూడా శాక్ చేయలేదు, అంటే పాస్ వేసేలోపే పడగొట్టలేదు. జాక్ సాయర్, జేటీ టూయిమొలావ్ లాంటివాళ్లు ఉన్న లైన్‌కి ఒక్క శాక్ కూడా లేదు! క్వార్టర్‌బ్యాక్‌కి అంత తీరిక ఇస్తే పాస్ అందుకునేవాళ్లని కాసే కార్నర్‌బ్యాక్ ఎవరైనా దొరికిపోతాడు. మన కార్నర్‌బ్యాక్ డెంజెల్ బర్క్‌ని మీ ల్యాబ్‌లో తిట్టిపోస్తూ ఉంటారు. ఒరెగాన్ రిసీవర్ ఎవాన్ స్టూవర్ట్ అతని వైపు పదే పదే గెలిచిన మాట నిజమే. కానీ ఆ తిట్లలో సగం ముందు లైన్‌కి వెళ్లాలి. డిఫెన్సివ్ కోఆర్డినేటర్ జిమ్ నోల్స్ నలుగురితోనే ఒత్తిడి తేవాలని చూశాడు, రాలేదు. రానప్పుడు ఐదోవాణ్ణి పంపడానికి వెనకాడాడు. 2022లో మిషిగన్ మీద అలా ఎక్కువమందిని పంపి, వెనక ఖాళీ ఉంచి, పొడుగాటి టచ్‌డౌన్లు ఇచ్చుకున్న ఆట అతను మరిచిపోయి ఉండడు. ఆ భయం నాకు అర్థమవుతుంది. అయినా అందరికన్నా వెనక కాపలాకి కేలెబ్ డౌన్స్ లాంటి సేఫ్టీ ఉన్నప్పుడు కొంచెం తెగించాలి. అలబామా నుంచి అతన్ని తెచ్చుకున్నది అలాంటి పనులకే కదా.

ఇక్కడ 2021 సంగతి చెప్పాలి. దాన్ని నేను మరిచిపోలేను.

ఆ ఏడాది కూడా ఒరెగాన్ చేతిలోనే ఓడాం, సెప్టెంబర్‌లో, మన సొంత గ్రౌండ్‌లో, 35–28. రన్ ఆపలేకపోయాం. డిఫెన్స్ ఎత్తులు ఎంచుకునే బాధ్యత డే వేరేవాళ్లకి ఇచ్చాడు. తర్వాత వరసగా తొమ్మిది గెలిచాం. మిషిగన్ స్టేట్‌ని 56–7తో చితక్కొట్టిన రోజు నేను స్టేడియంలోనే ఉన్నాను. సగం ఆటకే అంతా అయిపోయింది. పక్క సీట్లో పెద్దాయన నా భుజం తట్టి, ఇక మనల్ని ఎవరూ ఆపలేరన్నాడు. నేనూ నమ్మాను. వారం తిరిగేసరికి మిషిగన్ మన మీద 297 యార్డులు పరిగెత్తింది. 42–27. సెప్టెంబర్‌లో ఉన్న రోగమే నవంబర్ దాకా ఉంది. మధ్యలో తొమ్మిది గెలుపులు దాన్ని కప్పిపెట్టాయి, అంతే.

అందుకే వచ్చే శనివారం నెబ్రాస్కాని 40 పాయింట్లతో గెలిచినా, మీ ల్యాబ్‌లో అందరూ మళ్లీ భుజాలెగరేసినా, నేను ఆ స్కోరు చూసి ఏమీ అనుకోను. నెబ్రాస్కాని నిన్ననే ఇండియానా 56–7తో ఓడించింది. మనం బాగుపడ్డామో లేదో ఆ అంకెలో తెలియదు.

కోచ్ డే గురించి కూడా ఒక మాట. అతని లెక్క ఇవాళ్టికి 61 గెలుపులు, 9 ఓటములు. ఆ తొమ్మిదీ ఒక కాగితం మీద రాసి చూడండి. మిషిగన్ మూడు, ఒరెగాన్ రెండు. మిగతా నాలుగు మామూలు సీజన్ ముగిశాక ఆడే ఆటల్లో: క్లెమ్సన్, అలబామా, జార్జియా, మిజూరీ. అంటే అనామక జట్టు చేతిలో అతను ఎప్పుడూ ఓడలేదు. డేకి ముందు కోచ్ అర్బన్ మైయర్ కాలంలో 2017లో అయోవా 55–24, 2018లో పర్‌డ్యూ 49–20 లాంటి రాత్రులు చూశాం. అలాంటివి డే మనకి చూపించలేదు. అతని కష్టమంతా సమవుజ్జీతో ఆడేటప్పుడు వస్తుంది. 2022లో జార్జియాతో 42–41, మొన్న 32–31. ఒక్కొక్క పాయింటు. అలాంటి కోచ్‌ని అక్టోబర్‌లో తీసేస్తే జట్టు చెదిరిపోతుంది తప్ప ఏమీ రాదు. అతన్ని తూచాల్సిన రోజు మిషిగన్‌తో ఆడే నవంబర్ 30. అప్పటిదాకా ఆగాలన్నది నా గట్టి అభిప్రాయం.

పట్టిక లెక్క తేలికే, తొందరగా చెప్తాను. పోయినేడు దాకా జాతీయ చాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌కి నాలుగు జట్లే. 2017లో రెండు ఓడాం, 2018లో ఒక్కటే ఓడాం, మన కాన్ఫరెన్స్ (జట్ల గుంపు) బిగ్ టెన్ టైటిల్ గెలిచి కూడా రెండుసార్లూ బయటే ఉండిపోయాం. మీ ల్యాబ్‌లో పాతవాళ్లు ఉంటే వాళ్ల టెన్షన్ ఆ అలవాటు కొద్దీ వచ్చింది. ఈ ఏడాది నుంచి పన్నెండు జట్లు. అందరికన్నా పై ర్యాంకులో ఉన్న ఐదుగురు కాన్ఫరెన్స్ చాంపియన్లకి నేరుగా చోటు, మిగతా ఏడు చోట్లు ర్యాంకుని బట్టి. ఆ చాంపియన్లలో పై నలుగురికి ఈ ఏడాది మొదటి రౌండ్ ఆడక్కర్లేదు. ఐదు నుంచి ఎనిమిది దాకా ఉన్నవాళ్లు మొదటి రౌండ్ తమ సొంత గ్రౌండ్‌లో ఆడతారు. ప్లేఆఫ్ జట్లని ఎంచే కమిటీ మొదటి ర్యాంకులు నవంబర్ 5న వస్తాయి. మిగతా ఆరూ గెలిస్తే ఇండియానాపొలిస్‌లో బిగ్ టెన్ ఫైనల్ దాదాపు ఖాయం, బహుశా ఒరెగాన్‌తోనే. ఇంకోటి ఓడి 10–2తో ముగించినా లోపలే ఉంటామని నా నమ్మకం. ఇంకో రెండు ఓడితే మాత్రం ఎవరినీ బతిమాలుకునే మొహం ఉండదు.

డిసెంబర్ మూడో వారంలో, చలిలో, మన షూలో (ఒహాయో స్టేడియంలో) ప్లేఆఫ్ ఆట జరగొచ్చన్న ఊహే నాకు గొప్పగా ఉంది. 1922లో కట్టిన ఆ స్టేడియంలో అలాంటిది ఇప్పటిదాకా జరగలేదు. మీరు స్టూడెంట్ కాబట్టి టికెట్ల సంగతి ఇప్పటి నుంచే కనుక్కోండి.

బిగ్ టెన్‌లో ఇప్పుడు పద్దెనిమిది జట్లు, డివిజన్లు లేవు. ఒరెగాన్, పెన్ స్టేట్, ఇండియానా మూడూ ఇంకా ఒక్కటీ ఓడలేదు. ఈ మూడూ ఈ సీజన్‌లో ఫైనల్‌కి ముందు ఒకదానితో ఒకటి తలపడటం లేదు. కానీ మూడింటితోనూ మనకి ఆట ఉంది. ఒరెగాన్ అయిపోయింది. మిగతా రెండింటినీ మనమే ఓడిస్తే, వాళ్లు మనతో సమంగా నిలిచినా పైచేయి మనదే. ఎవరో ఎవరినో ఓడించాలని దేవుడికి దండం పెట్టుకోవాల్సిన పని లేదు.

మిగిలిన ఆటల్లో పర్‌డ్యూ గురించి చెప్పడానికేం లేదు, ఆ జట్టు ఈ ఏడాది ఒక్కటే గెలిచింది. నార్త్‌వెస్టర్న్‌తో ఆట షికాగోలో, బేస్‌బాల్ మైదానం రిగ్లీ ఫీల్డ్‌లో. షికాగోలో మీకు చుట్టాలో ఫ్రెండ్సో ఉంటే వెళ్లి రండి, మంచి ట్రిప్ అవుతుంది. ఇండియానా ఈసారి ఏడుకి ఏడు గెలిచింది. 1988 తర్వాత వాళ్లు మనల్ని ఓడించలేదని ధీమాగా ఉండొద్దు, కొత్త కోచ్ కర్ట్ సిగ్నెటీ వచ్చాక అది వేరే జట్టు. ఆ ఆట మన దగ్గరే కావడం మేలు. మిషిగన్ నిన్న ఇల్లినాయ్ చేతిలో 21–7తో ఓడి 4–3లో ఉంది. వాళ్ల పని అయిపోయిందని ఇప్పటికే కొందరు సంబరపడుతున్నారు. నేను పడను. 1969లో వరసగా 22 గెలిచి, నంబర్ వన్‌గా వెళ్లిన ఒహాయో స్టేట్‌ని రెండు ఓడిన మిషిగన్ 24–12తో ఓడించింది. ఆ ఒక్క ఆటకి పట్టికతో సంబంధం ఉండదు. పైగా ఇప్పుడు మన సీనియర్లు, సాయర్, టూయిమొలావ్, ఎమెకా ఎగ్‌బూకా, ట్రెవియాన్ హెండర్సన్, జాక్సన్, బర్క్, 2021లో చేరిన బ్యాచ్. మిషిగన్‌ని ఒక్కసారీ ఓడించలేదు, ఒక్క బిగ్ టెన్ టైటిలూ లేదు. పోయిన ఏడాదే ప్రొఫెషనల్‌గా వెళ్లిపోయి డబ్బు సంపాదించుకోగలిగీ ఆగిపోయారు. వాళ్ల కోసమైనా ఈ సీజన్ బాగా ముగియాలని నా కోరిక.

అయితే అన్నిటికన్నా ముందు నవంబర్ 2. దీపావళి వారాంతం, పెన్ స్టేట్‌లో, లక్షమందికి పైగా పట్టే బీవర్ స్టేడియంలో. కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్ మనతో పదిసార్లు ఆడి 2016లో ఒక్కసారే గెలిచాడు. ఆ ఆకలితో ఉంటారు. వాళ్ల టైట్ ఎండ్ టైలర్ వారెన్ మొన్న యూఎస్‌సీ మీద 17 పాస్‌లు పట్టాడు, 224 యార్డులు. అతన్ని ఎవరు కాస్తారన్నది నోల్స్‌కి ఒక తలనొప్పి. దానికన్నా పెద్దది అబ్దుల్ కార్టర్. లైన్‌బ్యాకర్‌గా ఉన్నవాణ్ణి ఈ ఏడాది లైన్ అంచుకి తెచ్చారు. మొదటి అడుగు ఎంత వేగమంటే, టాకిల్ ఇంకా లేస్తూ ఉండగానే అతను భుజం పక్క నుంచి వంగి వెళ్లిపోతాడు. సిమన్స్ ఉంటే అది చూడముచ్చటైన పోటీ అయ్యేది. ఇప్పుడు ఆ చోట ఎవరు నిలబడతారన్నదే మన సీజన్. కార్టర్‌ని ఆపగలిగితే హవర్డ్‌కి టైమ్ దొరుకుతుంది. టైమ్ దొరికితే స్మిత్, ఎగ్‌బూకా, కార్నెల్ టేట్‌లని కాసే జట్టు దేశంలో లేదు. ఆపలేకపోతే ముగ్గురూ అలంకారమే.

కాబట్టి 26న నెబ్రాస్కా ఆట మధ్యాహ్నం పన్నెండుకి మొదలవగానే ఒక పని చేయండి. మన చేతికి బంతి వచ్చిన మొదటి రెండు సిరీస్‌లు బంతి వెంట వెళ్లకండి. టీవీలో మన సెంటర్ (బంతిని వెనక్కి అందించేవాడు) నుంచి ఎడమకి రెండో మనిషి మీదే కళ్లు ఉంచండి. మూడో డౌన్ (మూడో ప్రయత్నం), ఏడెనిమిది యార్డులు కావాల్సినప్పుడు మరీ జాగ్రత్తగా. అతను వెనక్కి జారుతున్నాడా, ముందుకి వంగిపోతున్నాడా? పక్కన టైట్ ఎండ్ కాపలాకి ఆగాడా, పరుగెత్తాడా? హవర్డ్ మడమల మీద కుదురుగా ఉన్నాడా, ఎడమవైపు ఒకసారి తొంగి చూశాడా? వాళ్ల చేతికి బంతి వెళ్లినప్పుడు వాళ్ల క్వార్టర్‌బ్యాక్ డిలన్ రయోలా మీదకి మనవాళ్లు ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టండి. ఈ కుర్రాడు ఒకప్పుడు మనకే మాటిచ్చి తర్వాత మనసు మార్చుకున్నాడు, షూలో వాతావరణం వేడిగా ఉంటుంది. నలుగురా, ఐదుగురా అని ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి. సగం ఆట అయ్యాక ఆ కాగితం ఫొటో ఇక్కడ పెట్టండి, నా కాగితంతో సరిచూస్తాను.